ఉతకని చీర

పశువుల మెడల్లోకి పట్టీలు వచ్చాక డాక్టర్ సువార్తకు నడుం వాల్చే తీరిక లేదు. ఆకలి, నొప్పి, భయం అన్నీ ఆ పట్టీలే ఆమె ఫోనుకు పంపిస్తాయి. పొద్దున్నుంచి ఒక పిల్లి అలకకీ, ఎవరివో మేకల భయానికీ తిరిగి తిరిగి, సాయంత్రానికి చెంచయ్య పాకకు చేరింది. మొన్ననే ఆయన భార్య మాలకొండమ్మ పోయింది. అప్పటి నుంచీ గేదె పాలు చేపడం లేదు. పొదుగు రాయిలా గట్టిపడింది.

"ఒక సూది ఏసి పోండి డాక్టరమ్మా," అన్నాడు చెంచయ్య.

ఒకప్పుడైతే వేసి వెళ్లిపోయేదే. సువార్త ఫోను చూసింది. 'నొప్పి కొంచెమే. ఎవరి కోసమో వెతుకుతోంది.'

"పాలు ఎవరు పితికేవాళ్లు?"

"మా ఆడమనిషేనమ్మా. నన్ను దగ్గరికి రానీదు."

"ఆమె చీర చుట్టుకుని కూర్చో పెద్దాయనా. ఉతకనిది ఏదన్నా ఉందా?"

చెంచయ్య పంచలో మంచం దగ్గరికి వెళ్లి, తలగడ కింద నుంచి ఒక చీర తీశాడు. ఒంటికి చుట్టుకుని పొదుగు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. గేదె కొంగు వాసన చూసింది, నాకింది. కాసేపటికి చెంబులో పాలధార చప్పుడు మొదలైంది.

అప్పుడే ఎక్కడిదో ఎద్దు దిగులు ఫోనులో మోగింది. సువార్త నీరసంగా బ్యాగు భుజాన వేసుకుంది.

"రోజూ ఇట్లాగే చెయ్యి. చీరలో ఆమె వాసన పోయేలోపు నీ వాసన అలవాటవుతుంది. ఇక ఆమెను వెతకదు."

చెంచయ్య కొంగుతో కళ్లు తుడుచుకోబోయి, ఆగి, మోచేత్తో తుడుచుకున్నాడు.

"దానికైతే అలవాటైద్దమ్మా," అన్నాడు.