రాహుకాలంలో సెట్టు

సర్కారు వైర్‌లెస్ సెట్లకు మాట, బుద్ధి వచ్చి పదేళ్లయింది. తమను బాగుచేసేవారిని చూసి అవి పద్ధతులు కూడా నేర్చుకుంటాయి. సముద్రం ఒడ్డున ఉన్న వైర్‌లెస్ ఆఫీసులో మెకానిక్ కామేశం గారు ఏ సెట్టునైనా రాహుకాలం దాటాకే, బొట్టు పెట్టి మరీ విప్పుతారు.

ఆ శుక్రవారం పదకొండింటికి తుపాను కబురొచ్చింది. సముద్రంలో పన్నెండు పడవలున్నాయి. వాటికి చెప్పమని కామేశం గారు ఎంత అడిగినా పెద్ద సెట్టు ఉలకలేదు.

"రాహుకాలమండి. పన్నెండింటి దాకా ఆగండి. ఓవర్," అంది చివరికి.

"ఓసి నీ అసాధ్యం కూలా! అక్కడ మనుషులు మునిగిపోతారే!"

"మొన్న నాకు ఊపిరాడకపోతే గంటన్నర కూర్చోబెట్టారు కదండీ. నాకో పద్ధతీ, పడవలకో పద్ధతీనా? ఓవర్."

కామేశం గారు గోడ మీది వేంకటేశ్వరస్వామి పటం వైపు చూశారు.

"ఆపదలో పిలిస్తే ఆ స్వామి పంచాంగం చూసుకుని బయల్దేరతాడటే?" అన్నారు, సెట్టునో తననో అడిగినట్టు.

సెట్టు కాసేపు గురగురలాడింది. తరవాత పన్నెండు పడవలకూ కబురు పంపింది. సాయంత్రానికి అన్నీ ఒడ్డు చేరాయి.

మళ్లీ శుక్రవారం ఆ సెట్టుకే గొంతు బొంగురుపోయింది. సరిగ్గా పదకొండయింది. స్క్రూడ్రైవరు అందుకున్న కామేశం గారు గడియారం చూసి, అలవాటు కొద్దీ కుర్చీలో కూలబడ్డారు.

"ఆపదలో ఉన్నానండి. ఓవర్," అంది సెట్టు.

కామేశం గారు లెంపలేసుకుని, బొట్టు మాత్రం పెట్టి, మూత విప్పారు.