తలుపు లేని బోగీ

రెండు లుంగీలు, తువ్వాలు, దవాఖానా కాగితాలు సంచిలో సర్ది జిప్పు లాగింది సోమమ్మ.

"తలుపేదే?" అన్నాడు పిచ్చయ్య. నేలమీద కూర్చుని చెక్క పలకలన్నీ తిరగేస్తున్నాడు.

"ఏం తలుపు?"

"రైలు బోగీ తలుపు. అన్నీ అతికిచ్చిన. అదొక్కటే మిగిలింది. గీడనే ఉండాలె."

సోమమ్మ కొంగు నడుముకు దోపుకుంది. ఆ తలుపు, గోరంత చెక్కముక్క, ఆమె కొంగు ముడిలోనే ఉంది.

గుండె బలహీనమైంది, బరువులెత్తవద్దని డాక్టర్ అన్నాక, తాత ఒకచోట కుదురుగా కూర్చుంటాడని మనవరాలు అరుణశ్రీ కొరియర్‌లో తెప్పించిన చెక్క బోగీ బొమ్మ అది. పలకల మీద కోసిపెట్టిన ముక్కల్ని ఊడదీసి, ఉప్పుకాగితంతో రుద్ది, జిగురుతో అతకాలి. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టిన టింబర్‌మన్ చేతులకు అగ్గిపుల్లంత సీట్లు మొదట లొంగలేదు. పోనుపోను లొంగాయి. బోగీకి కప్పు అతికించిన రోజు పిచ్చయ్య, గనిలో చేసినట్టే, వేలి కణుపుతో తట్టి చెవి ఆనించి విన్నాడు. "గట్టిగున్నది. కింద మనుషులు కూసోవచ్చు" అన్నాడు.

"ఇయ్యవే. రైలుకు ఇంక టైమున్నది. అతికిచ్చి పోత."

"పోత అనకు. పోయొస్త అను."

"సరే, పోయొస్త. తలుపియ్యి."

"ఇయ్య. తిరిగొచ్చినంక పెట్టుకో. సగం పని ఇంట్ల ఉంటే మనిషి పానం దానిచుట్టే తిరుగుతది. యాడికి పోయినా ఎనక్కి గుంజుకొస్తది."

"ఈ ముచ్చట ఆపరేషన్ చేసే డాక్టర్‌కు చెప్పు. కత్తి పక్కన పడేసి నీ కొంగు అడుక్కపోతడు."

గుమ్మంలో బైకు తుడుస్తున్న కుమారస్వామి నవ్వాడు. "నాయినా, అమ్మ కొంగుముడి ఇప్పాల్నంటే జీఎం సంతకం కావాలె. నీతోని కాదు గానీ లే."

పిచ్చయ్య మాత్రం నవ్వకుండా భార్య వైపు తిరిగాడు. "షిఫ్టు అయిపోయినంక ఏ టింబర్‌మనూ దుంగ సగం నిలబెట్టి పైకి రాడు. ఎందుకో ఎర్కేనా నీకు?"

"నాకెందుకు ఆ గని ముచ్చట్లు?"

"విను మరి. పని సగం ఇడిసినోని మీద కప్పు పడదే. వాడు ఇంటికాడ బువ్వ తింటుంటడు. ఎనక షిఫ్టుకు దిగినోని మీద పడ్తది."

"గిది గని కాదయ్యా, బొమ్మ."

"బొమ్మయితే నువ్వెందుకు దాస్తున్నవ్?"

సోమమ్మ కొంగు ముడిని గుప్పిట పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిచ్చయ్య వాటిని చూసి, జిగురు సీసాకు మూత బిగించాడు. "సరే తియ్. నీ మాటే కానియ్" అన్నాడు. అలా అన్నవాడు లేవబోతూ మళ్ళీ ఒకసారి తలుపు లేని ఆ సందులోకి వేలు పెట్టి చూశాడు.

కారేపల్లిలో కూతురు సరిత అదే రైలెక్కుతుంది. దవాఖానాలో తండ్రి దగ్గర ఆమె ఉంటుంది. కుమారస్వామికి సెలవు రేపటి నుంచే. ఇవాళ గనిలో రెండో షిఫ్టుకు పోక తప్పదు.

భర్తతో గ్లాసుడు మజ్జిగలో సగమే తాగించింది సోమమ్మ. మిగతా సగం బోగీ పక్కన పెట్టి మూత వేసింది. "పోయొస్త" అని అతనితో ఇంకోసారి అనిపించింది. గడప దాటాక వెనక్కి తిరగొద్దంది. కుమారస్వామి చాయ గ్లాసు అడుగుదాకా తాగేసి సంచి ముందర పెట్టుకున్నాడు.

"అమ్మా, నాయినను రైలెక్కిచ్చి పది నిమిషాల్ల ఉంట. పోతున్న" అని బైకు తీశాడు.

ఆ మాట సోమమ్మ చెవిన పడిందో లేదో. ఆమె చూపంతా కొడుకు భుజం పట్టుకున్న పిచ్చయ్య చేతి మీద ఉంది. పోయేవాళ్ళ వీపు చూడటమంటే ఆమెకు భయం. బైకు సందు మలుపు తిరగకముందే లోపలికి వచ్చేసింది.

ఇల్లు ఊడవలేదు. ప్రయాణమై పోయిన మనిషి చేరేదాకా చీపురు పట్టకూడదు. నేలంతా రుద్దిన చెక్కపొట్టు అలాగే ఉంది. వంట చేసి, కొడుకు టిఫిన్ క్యారియర్ నింపి గూట్లో పెట్టింది. వాడు రాలేదు. ఫోన్ చేస్తే మోగింది, తీయలేదు. 'స్టేషన్ కాడ ఏ దోస్తో దొరికుంటడు' అనుకుంది. పక్క క్వార్టర్ యశోద గుమ్మం దాకా వచ్చి, ఏమీ అడగకుండానే తిరిగిపోయింది.

పొద్దు నడినెత్తికి రాకముందే బయట ఆటో ఆగింది. పిచ్చయ్య దిగాడు. చేతిలో అదే సంచి. వెనక, ఫోన్ గుప్పిట పట్టుకుని, సరిత.

సోమమ్మ ముఖం వెలిగిపోయింది. "సూసినవా! కారేపల్లి కూడ దాటనియ్యలే నా ముడి. ఏందయ్యా, డాక్టర్ లేడన్నడా? ఆపరేషన్ వద్దన్నడా?"

సరిత నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"నాకెర్కనే, గుంజుకొస్తదని! ఇగో, పెట్టుకో నీ తలుపు." సోమమ్మ నవ్వుతూ కొంగుముడి విప్పి, చెక్కముక్కను భర్త అరచేతిలో పెట్టింది.

పిచ్చయ్య దానివైపు చూడలేదు. గూట్లో ఉన్న టిఫిన్ క్యారియర్ వైపు చూస్తూ నిలబడ్డాడు.

తండ్రిని రైలెక్కించి పది నిమిషాల్లో ఉంటానన్న కుమారస్వామి, ఆ మంగళవారం పొద్దున తిరుగుదారిలో స్టేషన్ రోడ్డు మీద బొగ్గు టిప్పర్ ఎదురైన తర్వాత, మళ్ళీ ఇంటికి రాలేదు.