నల్లమ్మ చెవి వెనక

వాగు ఒడ్డున నల్లమ్మ అనే గేదె ఉండేది. దాని ఒంటిమీద పిడుదులు ఏరుకు తినడానికి రోజూ ఒక గోరింక వచ్చి వాలేది. వీపు, మెడ, తోక మొదలు, ఎక్కడ వెతికినా నల్లమ్మ కళ్ళు మూసుకుని హాయిగా నెమరు వేసుకునేది. చెవి వెనక్కి వెళ్ళబోతే మాత్రం తల విదిలించి లేచేది.

"మేత వేళయింది పిల్లా. రేపు చూద్దువుగాని."

ఆ రేపు ఎన్ని నెలలైనా రాలేదు. ఒకరోజు గోరింక ఎగిరిపోకుండా కొమ్ము మీదే కూర్చుంది.

"ఎందుకక్కా అంత భయం?"

నల్లమ్మ నెమరు ఆపింది.

"మా అమ్మ చెవి వెనక మీ అమ్మ చూసింది. లోతుగా పుండు పడిందని చెప్పింది. వారం తిరక్కుండా అమ్మ పోయింది. చూడకపోయుంటే బతికుండేదేమో."

గోరింక మెల్లిగా దాని నుదుటి మీదికి దిగింది.

"ఆ వారానికి ముందు మా అమ్మ చూస్తానని రెండేళ్ళు అడిగిందక్కా. మీ అమ్మ కూడా మేత వేళయిందనే అనేదట."

నల్లమ్మ చెవి ముందుకు వాల్చింది. గోరింక వెతుకుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టింది.

"ఉందా?"

"ఉంది. చిన్న పిడుదు, ఆవగింజంతే. కదలకక్కా, తీసేస్తాను."

మేత వేళ దాటిపోయింది. నల్లమ్మ కదల్లేదు.