చిక్కటి ఆయిల్

వీరభద్రం మంచివాడని ఎవరైనా అంటే సారంగపాణికి ఒళ్లు మండుతుంది.

మడికొండలో సారంగపాణి తండ్రి రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాయించుకుని కొన్న భూమిని, ధరలు పెరగ్గానే 'మేం అమ్మనేలేదు' అని లాక్కున్నవాడు వీరభద్రమే.

కేసు ఆఖరి వాయిదా ఇవాళే. ఆ కాగితం మీద సంతకం చేసిన సాక్షుల్లో మిగిలింది మతీన్ ఒక్కడు. ఎప్పుడో ఊరు మారిపోయాడు. సారంగపాణి అతని మొహమైనా ఎరగడు.

"వస్తడా మేడం?" లాయరు సింధుకు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"సమన్లు అందాయి. ఆయన వచ్చి చెబితేనే మనకు ఆశ."

"ఏమొస్తడు! వీరభద్రం ఎప్పుడో కొనేసి ఉంటడు."

మట్టెవాడలోని తన మెకానిక్ షెడ్డు షట్టర్ సగం దించాడో లేదో, ఓ పాత తెల్ల కారు గలగలమంటూ వచ్చి ఆగింది. డబ్బాలో గొలుసు వేసి ఊపినట్టుంది చప్పుడు.

"బిడ్డా, జర చూడు. పొద్దుగాల సంది ఒకటే లొల్లి చేస్తాంది" అన్నాడు దిగిన పెద్దాయన.

బానెట్ ఎత్తి వినగానే సారంగపాణికి తెలిసిపోయింది. ఇంజను లోపల టైమింగ్ చైన్‌ను పట్టి ఉంచే గైడ్ విరిగింది. మార్చాలంటే పొద్దంతా పని. అలాగే నడిపితే చైన్ పళ్లు తప్పుతుంది, ఇంజను ఉన్నచోటే చచ్చిపోతుంది.

ఆ మాట చెబితే షట్టర్ ఎత్తాలి, కారు లోపలికి నెట్టాలి. ఇప్పటికే ఆలస్యమైంది.

"ఏం లేదు పెద్దాయనా, ఆయిల్ పలచబడ్డది."

చిక్కటి ఆయిల్ పోశాడు. చప్పుడు అణిగింది. అమ్మకానికి పెట్టే బండ్లకు మేస్త్రీలు చేసే చిట్కా అది. నడిపే బండికి ఎవడూ చెయ్యడు.

"హన్మకొండకు పదకొండుకల్ల పోవాలె. నేను పోకుంటే ఒకల నోట్ల మన్ను పడ్తది. నిజం చెప్పు, నడుస్తదా? లేకుంటే ఆటోల పోత."

"ఫికర్ చెయ్యకు. ఢిల్లీ దాకా నడుస్తది."

"నువ్వు గూడ అటేనా? ఎక్కు, దించుత."

సారంగపాణి తల తిప్పుకున్నాడు.

"నాకు బండి ఉన్నది."

హన్మకొండ కోర్టులో మతీన్ పేరు మూడుసార్లు పిలిచారు. ఎవరూ పలకలేదు. ఇక గడువు లేదన్నాడు జడ్జి.

"ఏం పాణీ, నీ సాక్షికి తొవ్వ దొరకలేదా?" వరండాలో వీరభద్రం నవ్వాడు.

"నీ పైసలు దొరికినయి తియ్!"

సింధు వైపు తిరిగి మళ్లీ అదే పాట. "చెప్పిన గద మేడం, అందరు అమ్ముడుపోయెటోళ్లే!"

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టింది.

"మేడం, నేను మతీన్ బిడ్డ ఆయేషాను. మా అబ్బా కోర్టుకనే బయలెల్లిండు. నడిరోడ్డు మీద కారు ఆగింది. ఎనకనుంచి ఒకటే హారన్లు కొడ్తాంటె, ఒక్కడే నెట్టుకుంట కూలవడ్డడు. దవాఖానల ఉన్నం. మాట పడిపోయింది మేడం."

"ఏం... ఏం కారు?" సారంగపాణి ఫోన్ దగ్గరికి వంగాడు.

"తెల్లది, పాతది. మట్టెవాడల చూపిచ్చిన, ఇగ మంచిగున్నదని ఫోన్ల చెప్పిండు..."

చిక్కటి ఆయిల్ పోసి తను సాగనంపిన పెద్దాయనే, వీరభద్రం కొనలేకపోయిన ఆ ఒక్క సాక్షి. సారంగపాణికి పోయిన భూమి ఎకరం పదిహేడు గుంటలు.