అక్కకో కెరటం

“అలా ఒక్కసారిగా మీద పడకూడదురా. మెల్లగా లేవాలి,” అంది అక్క.

తమ్ముడు సింథసైజర్ మీద ఒక మీటను కాస్త పైకి జరిపాడు. నాటకాలకి వానలూ ఉరుములూ తయారుచేసే చెయ్యి అతనిది. ఎంత మొండి దర్శకుడైనా రెండోసారికి తలాడించేవాడు. అక్క మాత్రం పొద్దుటినుంచీ నెత్తిమీద కూర్చుంది.

కూర్చోదూ మరి! సముద్రం పక్క ఇల్లు వదిలి ఊరి మధ్యకి మారినప్పటినుంచీ ఆమె కంటిమీద కునుకు లేదు. దర్జీపని చేసే మనిషి, నిన్న ఒకాయన చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టేసింది. “ఇలాగే ఉంటే నా పని గోవిందా. నిద్రపట్టే శబ్దమొకటి చేసిపెట్టు. దేనిదని మాత్రం అడక్కు, నవ్వుతావు,” అంటూ మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చేసింది. అడగడం దేనికి, కెరటాల హోరుకి అలవాటుపడ్డ ప్రాణం కదా అనుకున్నాడు తమ్ముడు.

వసారాలోంచి బావ కేకేశాడు. “బావమరిదీ! కాఫీ వాసన ఇక్కడిదాకా వస్తోందిరా! మీ అక్క పోరు పడలేక ఇల్లు మారగానే ముక్కు ఆపరేషన్ చేయించుకున్నాను గానీ, ఇన్నేళ్ళూ ఏం పోగొట్టుకున్నానో ఇప్పుడు తెలుస్తోంది!”

“ఆయనకేం, పసిపిల్లాడిలా పడుకుంటున్నారు,” అని నిట్టూర్చింది అక్క.

“ఇటు చూడక్కా. శబ్దం ఎలా లేవాలి, ఎంత తగ్గాలి, ఎక్కడ నిలవాలి, వేలు తీశాక ఎలా ఆరిపోవాలి, అన్నీ చెప్పేది ఈ ఎన్వలప్పే. నువ్వు చెప్పు, నేను దిద్దుతా.”

“మోత ఒక్కటే కాదురా, లేచేకొద్దీ గరగర కూడా పెరగాలి.”

అతను ఎన్వలప్‌ని ఫిల్టర్‌కి కూడా కలిపాడు. మూత తీస్తున్నట్టు, బొంగురుగా మొదలైన శబ్దం గరగరమంటూ విచ్చుకుంది.

“ఆఁ! పైకెళ్ళాక ఒక్క క్షణం ఆగిపోవాలి. అయ్యో, ఇంక రాదేమో అని మన గుండె జారాలి. అప్పుడు వదలాలి.”

“ఇదెక్కడి కెరటమక్కా? రాళ్ళ సందులో ఇరుక్కుందా?”

“అలాంటిదే అనుకో,” అంటూ అక్క వసారా వైపు చూసి, నవ్వు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంది. “చివర్న సన్నగా ఈల. అది కిందికి జారుతూ పోవాలి.”

అతను శ్రుతికి ఇంకో ఎన్వలప్ తగిలించి, ఆఖరి మీటను బాగా సాగదీశాడు. శబ్దం లేచింది, ఆగింది, ఈలగా జారి జారి ఆరిపోయి మళ్ళీ మొదలైంది.

“ఇప్పుడెలా ఉంది?”

తిరిగి చూస్తే, స్పీకర్ పక్క కుర్చీలోనే అక్క ఆదమరిచి నిద్రపోతోంది. తమ్ముడికి ప్రాణం లేచొచ్చింది. దుప్పటి తెచ్చి మెల్లగా కప్పాడు.

కాఫీ గ్లాసుతో బావ మునివేళ్ళ మీద వచ్చాడు. “ఎన్నాళ్ళకి పడుకుందిరా! నీ చేతికి దణ్ణం పెట్టాలి.” కాసేపు విని మొహం చిట్లించాడు. “అయినా ఇదేం సముద్రంరా నాయనా, చెవులు చిల్లులు పడుతున్నాయి! ఈ మోతలో మనిషన్నవాడికి నిద్రెలా పడుతుంది?”

అక్క కదిలింది. కళ్ళు తెరవకుండానే స్పీకర్ని మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

“అబ్బ, గురకాపి అటు తిరిగి పడుకోండి!”