మంగళవారం బెల్టు

"బిడ్డా, గా బెల్టు ఇప్పెయ్."

నిరంజన్ తిరిగి చూశాడు. గుమ్మంలో కర్ర పట్టుకొని ఓ ముసలాయన. నడుము వంగిపోయి, చూపు సగం నేల మీదే ఉంది.

కరీంనగర్‌లోని ఆ పాత తాలీంలోకి కసరత్తు కుర్రాళ్లు తప్ప ఎవరూ రారు. పైగా మంగళవారం.

మంగళవారం అక్కడ బెల్టుకు పూజ. గోడ మీద దండ వేసిన గట్టయ్య ఉస్తాద్ ఫొటో, కింద మేకుకు ఆయన తోలు బెల్టు. బొట్టు పెట్టి, ఊదుబత్తి ముట్టించి, ఎవరు కట్టుకుంటే వాళ్ల నడుముకు ఢోకా లేదట. ఏ మహానుభావుడు మొదలుపెట్టాడో గానీ!

ఆదివారం సెలక్షన్. రెండు వందల కిలోలు లేపితే రాష్ట్ర పోటీలు, ఆపైన స్పోర్ట్స్ కోటాలో కొలువు. బీడీలు చుట్టి సాకిన తల్లి నాగవ్వకు నిరంజన్ ఇచ్చిన మాట అది.

"ఎందుకు ఇప్పాలె తాతా?"

"ఎడమ కాలు తిమ్మిరెక్కుతుందా?"

నిరంజన్ ఆ కాలును వెనక్కి తీసుకున్నాడు. వారం నుంచీ తిమ్మిరే. తల్లికి కూడా చెప్పలేదు.

"నీకెట్ల ఎర్క?"

"నిలవడ్డ తీరుల ఎర్కైతది. నడుము మంచిగున్నోడు పెద్ద బరువు లేపంగ, ఊపిరి బిగవట్టి కడుపుతోని నెట్టెటందుకు బెల్టు. నొప్పిని దాచెటందుకు కాదు బిడ్డా. దాస్తే ఎన్నుపూస జరిగేదాక తెల్వది."

తాలీం మాస్టర్ కరుణాకర్‌కు ఒళ్లు మండింది.

"ఓ పెద్దమనిషీ! ఉస్తాద్ గిదే కట్టుకొని రెండు వందల ఇరవై లేపిండు."

"తెల్లారి లేసి నిలవడ్డడా మరి?"

"గదంతా మేం పుట్టకముందు ముచ్చట. బతుకుదెరువుకు భీవండి పోయిండు, ఆడనే సచ్చిండు."

"ఎట్ల సచ్చిండట?"

"గుండె ఆగి."

ముసలాయన నవ్వాడు. ఆ నవ్వుకు నిరంజన్‌కు ఎందుకో భయం వేసింది.

"ఒక్క నెల ఆగు బిడ్డా. డాక్టర్‌కు సూపెట్టుకో. నీ కాళ్లు మొక్కుత."

"మంగళారం పూట గీ అపశకునం మాటలేంది? నడువు!"

కరుణాకర్ ఆయన్ని మెట్ల మీదకు నెట్టాడు.

నిరంజన్ కాసేపు తటపటాయించాడు. కాలు జివ్వుమంటూనే ఉంది. ఆదివారం గుర్తొచ్చింది. బెల్టును ఇంకో రంధ్రం బిగించాడు.

వంగి, బరువులెక్కించిన ఇనుప బారును పట్టి లేపాడు. అది మోకాళ్లు దాటింది.

నడుములో ఎక్కడో టక్కుమంది. బారు దభీమని పడింది, పక్కనే నిరంజన్.

"అన్నా, కాళ్లు... నా కాళ్లు తెలుస్తలేవన్నా!"

అంబులెన్స్‌కు ఫోన్ చేశారు. బెల్టు విప్పబోతే బకిల్ రాలేదు. అది ఎప్పుడూ అంతే, ఇద్దరు గుంజితేగానీ ఊడదు.

"కదిలియ్యకున్రి వాణ్ని."

ముసలాయన లోపలికొచ్చి, నిరంజన్ పక్కన కూలబడ్డాడు. బకిల్ కింద బొటనవేలు పెట్టి నొక్కాడు. వెంటనే ఊడిపోయింది.

కరుణాకర్ ఆ బకిల్‌ను చేతిలోకి తీసుకొని తిప్పి చూశాడు.

ముసలాయన నిరంజన్ తల నిమిరాడు. ఆయన కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"గా బరువు లేపిన తెల్లారి నేను మంచంల నుంచి లేవలేకపోయిన ముచ్చట, సిగ్గుతోని ఎవ్వలికి చెప్పలే. చెప్పి ఉంటే నువ్వు గిట్ల వడకపోదువు బిడ్డా."

మెల్లగా లేచి, కర్రతో ఫొటో మీది దండను కిందకు లాగాడు.

"గట్టయ్య ఇంకా సావలే."