మంచం కింద తడి

హాల్లో మామ ఐలయ్య మంచం కింద మళ్ళీ తడి కనిపించింది. వినోద అతని ధోతి అంచు పట్టి చూసింది. పొడిగానే ఉంది.

"మార్చుకున్నవా మామా?"

"లేదు బిడ్డా."

"నాతోని దాస్తె ఎట్ల? రేపు దవాఖానకు పోదాం."

ఐలయ్య తల దించుకున్నాడు.

మంచం పక్కనున్న ఫ్రిజ్ తలుపు నల్లాలో నీళ్ళు సరిగా రావడం లేదని పిలిచిన మెకానిక్ షాహిద్ అప్పుడే దాన్ని ముందుకు లాగాడు. వెనక దానికి నీళ్ళు తెచ్చే సన్నటి పైపు నలిగి, పగిలి, నీళ్ళు మంచం కిందికి కారుతున్నాయి.

"కొత్త పైపు ఏస్తనక్కా. గిట్ల గోడకు ఆనిచ్చి పెట్టకుండ్రి, జానెడు జాగ ఇడువుండ్రి."

మామ మంచానికి చోటు కోసం ఫ్రిజ్‌ను వెనక్కి నెట్టింది వినోదే.

"అయితే నేను కాదా బిడ్డా?" అన్నాడు ఐలయ్య.

"కాదు మామా."

"మరి రాత్రి దూపైతే నీళ్ళు తాగొచ్చునా?"